పునాది రాయికి పేరుండదా?

(మేడ్చల్‌ల జరిగిన కళాకారుల మీటింగుల ఒక ఆర్కెస్ట్రా బేస్ గిటార్ కళాకారుడు మాట్లాడిన మాటల పాఠం)

జై తెలంగాణ!

నాకు మైకు అలవాటు లేదు. ఇరవై ఐదేండ్ల సంది స్టేజీ మీదనే ఉన్న గని, పాడెటోళ్ల ఎనుక, డ్రమ్ముల పక్కపొంటి నిలవడ్డోణ్ణి. నేను వాయించేది బేస్ గిటార్. నాలుగే తీగలు. అన్నిట్ల లావు తీగ కొడితే సెకనుకు 41 సార్లు ఊగుతది. గా చప్పుడు చెవుకంటే ముందు కడుపుకు తాకుతది. ఫంక్షన్ హాల్ల కూసున్నోళ్లకు పాడే పిల్ల ఇనబడుతది, కీబోర్డు ఇనబడుతది. బేస్ ఉన్నదన్న సంగతే తెల్వదు. తీగ తెగి ఆగిపోయిందనుకోండ్రి, అప్పుడు పాట బోసిపోతది. ఏందో తక్కువైందని అందరికి సమజైతది గని ఏం తక్కువైందో ఎవ్వరు చెప్పలేరు. మా బతుకు గూడ అసొంటిదే.

నేను గీ వాద్యం లష్కర్ల నేర్సుకున్న. బొల్లారం దిక్కు ఒక చర్చిల పాటలకు వాయించే పెద్దమనిషి నాకు తీగలు చూపెట్టిండు. పైసలు అడగలే. ఇళయరాజా పాటల క్యాసెట్లు ఇచ్చి, పాట ఇడిసిపెట్టి కింద నడిచే చప్పుడు ఇను అన్నడు. 1989ల వచ్చిన 'గీతాంజలి' పాటలు అరిగిపోయేదాక ఇన్న. పాట ఒక దిక్కు పోతుంటే బేస్ తన తొవ్వల తాను పోయి, మల్ల వచ్చి పాటను కలుస్తది. గది పట్టుకునుటానికే రెండేండ్లు పట్టింది.

మా జాగ మీకు ఎరికే. ఇటు మేడ్చల్ మీదికెళ్లి నాగపూర్ రోడ్డు, అటు శామీర్‌పేట మీదికెళ్లి కరీంనగర్ రోడ్డు, నడుమ ఔటర్ రింగు రోడ్డు. కొంపల్లి, కండ్లకోయ, హకీంపేట, తూంకుంట, ఏ దిక్కు వోయినా ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు. ఒకప్పుడు మక్క చేన్లు, ద్రాక్ష తోటలున్న భూములు. భూములమ్మిన రైతు కొడుకు గా హాల్ల వాచ్‌మెన్ అయిండు, నేను గా హాల్ల వాద్యకారుణ్ణయిన. 2003ల నాకు రాత్రికి మూడు వందలిచ్చేది. పొద్దుగూకంగ సామాన్లు ఆటోల ఏసుకొని పోవుడు, అర్ధరాత్రి దాటినంక చల్లారిన అన్నం తినుడు, బస్సు లేక శామీర్‌పేట స్టేజీ కాడ తెల్లారేదాక కూసునుడు. ఇది ఒక్క నా కథ గాదు, ఈడ కూసున్న సగం మంది కథ.

అప్పట్ల మా పార్టీల ఒక గాయకుడుండె. పల్లె పాట అందుకుంటే జనం లేసి నిలవడేది. ఒక రిసెప్షన్ల హాలు మేనేజర్ ఉరికొచ్చి, "గా మోటు పాటలు ఈడ వద్దు, మంచి పాటలు పాడుండ్రి" అన్నడు. మన యాసల మాట్లాడిన యాంకర్‌ను తెల్లారి మార్పిచ్చిన్రు. సినిమాల మన భాష రౌడీలకు, జోకర్లకు ఇచ్చినట్టే, స్టేజీ మీద గూడ మనల్ని ఎనుకకు నూకిన్రు.

గప్పుడే ధూం ధాం వచ్చింది. 2002ల కామారెడ్డిల మొదలై ఊరూరికి పాకింది. నేను గూడ గిటార్ పట్టుకొని పోయిన. ఆడ నాకు తెలిసింది ఏందంటే, నేను నేర్సుకున్నదంత పక్కకు పెట్టాలె! సినిమా పాటకు కార్డులు మారుతయి, బేస్ వాటెంబడి ఉరుకుతది. మన పాటకు ఉరుకుడు అక్కర లేదు. ఒక్క స్వరం మీద నిలవడి, డప్పు కొట్టే దెబ్బల నడుమ సందు చూసి తీగ మీటాలె. ఎక్కువ వాయిస్తే పాట చెడుతది. ఒక డప్పు కొట్టే అన్న నాకు చెప్పిండు: "తమ్మీ, నువ్వు నా చిర్ర దిక్కు చూడకు, నా కాలు దిక్కు చూడు." గా ఒక్క మాట నాకు పెద్ద సదువు.

2009 నవంబర్‌ల దీక్ష మొదలైన కాడికెళ్లి 2014 జూన్ 2 దాక ఎన్ని స్టేజీలెక్కిన్నో లెక్క లేదు. రోడ్ల మీద వంటావార్పుకు వాయించినం. 2011ల 42 రోజుల సకల జనుల సమ్మెల టెంట్ల కింద వాయించినం. పైసలు అడగలే, అడిగే ముచ్చటే రాలే. పెండ్లి బుకింగులు ఇడిసిపెట్టుకొని పోయినం. తెలంగాణ వచ్చినంక మా బతుకు మారుతదన్న ఆశ ఒక్కటే.

తెలంగాణ వచ్చింది. పాట గెలిచింది. అవును, ఇది మన గెలుపే. మోటు పాటలన్న గవే హాళ్లల్ల ఇప్పుడు పెండ్లిపిల్ల మన పాట మీదనే ఎగురుకుంట వస్తున్నది. సాంస్కృతిక సారథి పెట్టి ఐదు వందల మందికి పైగా కళాకారులకు కొలువులిచ్చిన్రు. మంచిదే, వాళ్లు మనోళ్లే. గని ఆర్కెస్ట్రాల వాయించెటోడు ఏ ఖాతాల వడుతడు? జానపద కళాకారుడంటే, నీ చేతుల గిటార్ ఉన్నదంటరు. సినిమా కళాకారుడంటే, ఏ సినిమాకు వాయించినవంటరు. కూలి అంటే, స్టేజీ మీద కోటు తొడుక్కున్నవంటరు. పాట గెలిచింది, వాయించెటోడు ఓడిండు.

2024ల 'జయ జయహే తెలంగాణ' రాష్ట్ర గీతమైంది. అందెశ్రీ గారు రాసిన పాట, ఉద్యమమంత మన నోట్ల నానిన పాట. దానికి కీరవాణి గారు సంగీతం కట్టినందుకు తెలంగాణల సంగీత కళాకారులు లేరా అని గొడవైంది. గా గొడవ న్యాయమైందే. నేను ఇంకొక్క ముచ్చట అడుగుత. ఉద్యమంల గా పాట ఎనుక రాత్రులు డోలక్, డప్పు, కీబోర్డు, గిటార్ వాయించినోళ్లెవరని ఎవరన్న అడిగిన్రా?

ఇగ పని సంగతి. మొదలు కీబోర్డు ఎడమ చెయ్యి బేస్ వాయించుడు షురూ చేసింది, ఒక మనిషి తక్కువైండు. తర్వాత ట్రాకులు వచ్చినయి, గాయకుడొక్కడు వస్తె చాలన్నరు. అటెన్క డీజే వచ్చిండు. ఇప్పుడు జనం పాటను ఫోన్ల వీడియో తీసి చూస్తరు. ఫోన్ స్పీకర్ల నా లావు తీగ అసలే ఇనబడది! మూఢాలు వస్తె పెండ్లిళ్లు బందు. ఆషాఢంల ఊరంత బోనాల డప్పు మోగుతది, నా ఇంట్ల గిటార్ గోడకు వేలాడుతది. 2020 లాక్‌డౌన్ల పెండ్లికి 50 మందే అన్నరు. గా 50 మందిల ఆర్కెస్ట్రా ఏడికెళ్లి వస్తది? గా ఏడు నా ఆంప్లిఫయర్ అమ్ముకున్న. కొడుకు ఫీజు కట్టిన.

ఒక సంగతి చెప్పి ముగిస్త. యాప్‌ల కింద బండ్లు నడిపే తమ్ముళ్లను గిగ్ వర్కర్లు అంటున్నరు. గా 'గిగ్' అన్న మాట ఏడికెళ్లి వచ్చింది? అమెరికాల జాజ్ వాయించెటోళ్లు ఒక రాత్రి కచేరీని గట్ల పిలిచేది. అంటే గా మాట మనదే, వాద్యకారులది! డెలివరీ తమ్ముళ్లు సంఘం కట్టి కొట్లాడిన్రు. 2023 డిసెంబర్‌ల వాళ్లకు ఐదు లక్షల ప్రమాద బీమా ప్రకటించిన్రు. 2025 నవంబర్‌ల అమలుకొచ్చిన సామాజిక భద్రత కోడ్‌ల గిగ్ కార్మికుడంటే యజమాని-ఉద్యోగి సంబంధానికి అవుతల పనిచేసి సంపాయించెటోడని రాసి ఉన్నది. మనం గంతే గద! మాట మనది, అర్థం మనది, హక్కు మాత్రం మనకు లేదు. ఎందుకంటే మనం అడగలే.

అందుకే నేను అడిగేది మూడే. ఒకటి, ఆర్కెస్ట్రా వాద్యకారుల పేర్లు ప్రభుత్వ రికార్డుల ఎక్కాలె, గుర్తింపు కార్డు ఇయ్యాలె. రెండు, అర్ధరాత్రి రోడ్ల మీద ఇంటికి పోయే మాకు ప్రమాద బీమా ఉండాలె. మూడు మనకు మనం చేసుకునేది: బుకింగు కాయిదం మీద ఉండాలె, ఎవరికెంతో ముందే రాసుండాలె. పార్టీ లీడర్ గూడ మనల ఒక్కడే, గందుకే గీ ముచ్చట ఆయన ముందలనే అంటున్న.

2016ల మేడ్చల్ జిల్లా అయింది. కలెక్టరేట్ శామీర్‌పేట పక్కపొంటి అంతాయిపల్లిల కట్టిన్రు. దరఖాస్తు ఇచ్చుటానికి పట్నం పోవుడు అక్కర లేదు. వచ్చే సోమవారం ప్రజావాణికి పోదాం. పాడెటోళ్లు ముందల నడువుండ్రి, మాకు పరేషాన్ లేదు. గని దరఖాస్తు మీద మొదటి సంతకం ఈసారి ఎనుక నిలవడ్డోడు పెట్టాలె.

జై తెలంగాణ!