ప్రాంతీయ విమానసంస్థలు – మన పిల్లల వైమానికోద్యోగము
(కోహెడ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నన్ను చంకనెత్తుకొని పెంచిన పెద్దల యెదుట నన్నే మాటాడుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. విమానమును గాలిలో నిలుపుట నాకు వృత్తియే గాని, సభలో నిలుచుట యలవాటు లేదు. తప్పులున్న మన్నింప వేడుచున్నాను.

శంషాబాదు విమానాశ్రయము 2008లో తెఱువబడినది. ఔటర్ రింగు రోడ్డు వచ్చెను. గడ్డియన్నారపు పండ్ల మార్కెట్టును మన యూరికి తరలింతురను మాట వచ్చెను. నేలధర హెచ్చెను. పూర్వము రెండెకరముల చెలక యమ్మి బిడ్డ పెండ్లి చేసెడివారు. ఇప్పుడు బిడ్డను పైలట్ చేయుదు మనుచున్నారు. సంతోషమే. మా నాయనయు నట్లే చేసెను. కాని నేల యమ్మి లైసెన్సు తెచ్చుకొన్నంతమాత్రమున నుద్యోగము రాదను సంగతి మాకు ముందుగా చెప్పినవారు లేరైరి. అది చెప్పుటకే నేడు నిలిచితిని.

వాణిజ్య పైలట్ లైసెన్సునకు రెండువందల గంటలు ఎగురవలెను. అందు నూఱు గంటలు తానే బాధ్యత వహించి నడుపవలెను. వాతావరణశాస్త్రము, మార్గనిర్ణయము, వైమానిక నిబంధనలు మున్నగువానిలో పరీక్షలు; రేడియో సంభాషణకు వేఱొక పరీక్ష; పైని వైద్యపరీక్ష. వ్యయము ఏబదిలక్షలు దాటుట సామాన్యము. ఇంత జరిగిన పిమ్మటను, డెబ్బదిమంది కూర్చుండు విమానమును నడుపుటకు ఆ జాతి విమానమునకే ప్రత్యేకమైన టైప్ రేటింగు పొందవలెను. దానికి మరల లక్షలు. ఈ నడుమ నుద్యోగము రాకున్నచో ఇన్‌స్ట్రుమెంటు రేటింగు గడువు ఏటేట తీఱును. వైద్యపరీక్షయు మరల కావలెను. ఊరక కూర్చుండుటకును ధనము వలయును!

నేను రెండేండ్లు అట్లే కూర్చుంటిని. అందుచేత నుత్తరదేశమున నొక చిన్న సంస్థనుండి ఉత్తరము రాగానే, ఒప్పందపత్రమును చదువకయే సంతకము చేసితిని. నడుమ విడిచిన లక్షలు చెల్లింపవలెనని అందున్నది. ఏడాది తిరుగకమున్నే జీతములు ఆలస్యమయ్యెను. అద్దెకు దెచ్చిన విమానములను యజమానులు ఒక్కటొక్కటిగా మరల గొనిపోయిరి. విడువనీయరు, నడుపుటకు విమానము లేదు. ఆ సంస్థ పేరు చెప్పను. తప్పులో సగము చదువని నాదే.

చిన్న సంస్థలయం దపనమ్మకము పుట్టించుటకై యిది చెప్పుటలేదు. నే నిప్పుడును ప్రాంతీయ సంస్థలోనే యున్నాను. హైదరాబాదునకు వీనితో సంబంధము పాతది. బేగంపేట కేంద్రముగా దక్కన్ ఎయిర్‌వేస్ 1945లో ఏర్పడి, 1953లో జాతీయకరణము వఱకు నడచెను. 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ అను యువతిని, ఇతర సంస్థలు త్రోసిపుచ్చగా, ఈ హైదరాబాదు సంస్థయే కొలువున జేర్చుకొనెను. భారతదేశమున వాణిజ్య విమానము నడపిన మొదటి స్త్రీ యామెయే. పెద్దవారు మూసిన తలుపు చిన్నవారియొద్ద తెఱచుకొనుట మన నగరమునందే జరిగినది. తల్లులారా, మీ కొమార్తెలను గూర్చి యోచించునపు డీ సంగతి మఱవకుడు.

ఐనను చిన్న సంస్థ ఆయుష్షు సందేహాస్పదము. విజయవాడ కేంద్రముగా 2013లో మొదలైన ఎయిర్ కోస్తా 2017లో నిలిచిపోయెను. మన హైదరాబాదునందే 2015లో మొదలైన ట్రూజెట్, ఉడాన్ పథకము ప్రారంభమైన 2017 ఏప్రిల్ 27వ తేదీననే కడపకు విమానము నడపెను. అదియు 2022లో నిలిచెను. విమానముల యద్దె డాలర్లలో, ఇంధనము ప్రియము, టిక్కెట్టు ధర మాత్రము రైలువానితో పోటీ. ఉడాన్ దారులకు ప్రభుత్వ మిచ్చు లోటుభర్తీ మూడేండ్లకే. కావున కొలువునకు బోవు పిల్లవాడు జీతమెంత యని యడుగుటకు ముందు, మీకు విమానము లెన్ని, అవి స్వంతమా అద్దెయా, మూడేండ్లు దాటిన దారు లెన్ని నడచుచున్నవి, సహపైలట్లు ఎన్ని యేండ్లకు కెప్టెనులగుచున్నారు అని విచారింపవలెను. ఈ సమాధానములు కార్యాలయమున దొరకవు. ఆ సంస్థలో పనిచేయు మెకానిక్కునొద్ద దొరకును.

అలయన్స్ ఎయిర్ యున్నది. ఎయిర్ ఇండియా 2022లో టాటావారి పరమైనను ఇది ప్రభుత్వమునందే నిలిచినది. ఎంబ్రాయర్ విమానములతో స్టార్ ఎయిర్ 2019లోను, గోవానుండి ఫ్లై91 2024లోను బయలుదేఱినవి. ఇండిగోవారు పెద్ద సంస్థయయ్యు 2017నుండి ఏటీఆర్ విమానములను గూడ నడపుచున్నారు. వీనిలో నేది మేలని నన్నడిగిన, నీవు ఏ ఊరిలో కాపురముండగలవు, ఎన్నాళ్ల యప్పున్నది అని నేను తిరుగ నడుగుదును. అప్పు మెండుగా నున్నవానికి విమానములు మెండుగా నున్న సంస్థయే మేలు, కెప్టెన్సీ ఆలస్యమైనను.

నేను ఏటీఆర్‌లో చేరినపుడు మా యమ్మ, “పంకలున్న విమానమా బిడ్డా?” యని చిన్నబోయెను. జెట్టు కాదని బంధువులును నవ్విరి. ఆ పంకల విమానమున దినమునకు నాలుగుమార్లు లేచి నాలుగుమార్లు దిగుదుము. దూరదేశపు జెట్టులో వారమునకు గూడ నన్ని దిగుటలు సహపైలట్ చేతికి రావు. చేయి దిద్దుకొనుటకు ఇట్టి బడి వేఱొకటి లేదని నా యభిప్రాయము.

ఇక సన్నాహము. పిలుపు వచ్చిన నాటినుండి శిక్షణ మొదలగువఱకు వారములు గడచును; వానిని పెండ్లిండ్లకు దిరుగుట కుపయోగింపరాదు. కాక్‌పిట్ చిత్రమును నిలువెత్తున అచ్చువేయించి గోడ కంటించి, యెదుట కుర్చీ వేసికొని, ఏ మీట ఎప్పుడు త్రిప్పవలెనో నోట జెప్పుచు చేత జూపవలెను. మా తమ్ముడు నన్ను చూచి పిచ్చియెత్తినదనుకొనెను. సిమ్యులేటరులో గంటకు వేలకు వేలు; అక్కడ మీటలు వెదకువాని ధనము గాలికి బోయినట్లే. అత్యవసరమున తలచకయే నోటికి రావలసిన యంశములు, వేగముల పట్టిక, సంస్థవారి కార్యవిధానములు ముందే కంఠస్థము కావలెను. వాతావరణమును పరీక్షకొఱకు గాక బ్రతుకుకొఱకు చదువవలెను. 2020 మే నెలలో మన కోహెడ మార్కెట్టు షెడ్లను గాలివాన ఎట్లు కూల్చెనో మీ రెఱుగుదురు. అట్టి మబ్బు దారిలో నెదురైన చుట్టి పోవుటయు, వెనుకకు మరలుటయు నేర్పునే తెలుపును, పిఱికితనమును గాదు.

చిన్నదిగా దోచు సంగతి యొకటి. పదవతరగతి పట్టాలో నొక పేరు, ఆధారులో నింకొక పేరు మన పిల్లలకు సామాన్యము. లైసెన్సునకును, విమానాశ్రయ ప్రవేశపు చీటికిని ఇది యడ్డమగును. ఇప్పుడే సవరించుకొనుడు. విమానమెక్కుటకు ముందు పండ్రెండు గంటలు మద్యము నిషిద్ధము. ఊపిరి పరీక్షించియే పంపుదురు. కావున బోనాలకు వచ్చిన పైలట్ అల్లునికి ఈతకల్లు పోయుటకు ముందు, మామగారు మఱునాటి డ్యూటీ యడుగవలెను. (నవ్వులు)

మానదలచినపుడు సహపైలట్ ఆఱునెలల ముందును, కెప్టెన్ ఏడాది ముందును తెలుపవలెనని 2017లో నియమము వచ్చినది. ఒప్పందపు కట్టుబాటు దీనికి వేఱు. రెండును గలసినచో కుఱ్ఱవాని కాళ్లకు సంకెలయే. ఆ పత్రమును చదువగల న్యాయవాదులు ఈ పందిరిలోనే పదిమంది కలరు.

దాతలారా, మన విద్యానిధి లైసెన్సు వఱకే వేతనమిచ్చి యాగుచున్నది. అసలు నేల యమ్ముకొనుట దాని తరువాతనే. రెండవ చెలక యప్పుడే పోవును. టైప్ రేటింగునకు వడ్డీలేని ఋణమిచ్చి, జీతమునుండి మరల రాబట్టుకొను పద్ధతిని రేపటి తీర్మానములలో చేర్చుడని నా మనవి. ఋణమునకు ముందు ఒప్పందపత్రమును మన న్యాయవాదు లిద్దఱు చదివి సంతకము చేయవలెనను షరతు గూడ నుండవలెను.

వెనుక వరుసలో కూర్చున్న మన బిడ్డ యొకతెకు పోయిన వారమే యొక సంస్థనుండి యుత్తరము వచ్చినది. సమాధానమునకు గడువు ఈ నెల పదునైదవ తేది. పత్రము నామె వెంట దెచ్చినది. న్యాయవాదులైన పెద్దలు భోజనానంతరము ఉత్తరపు వైపు గదికి దయచేయుదురేని, ఆమెయు నేనును అక్కడ వేచియుందుము.