క్రమశిక్షణ ఎవరి కొరకు?

(నరసన్నపేట యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మాకిచ్చిన అంశము "యువజనులు – క్రమశిక్షణ". ఇటువంటి అంశము మీద ప్రసంగము ఎట్లుండునో మీకు తెలియును. అందుచేతనే కాబోలు, కొందరు ముందుగానే వెనుక బెంచీలు చూసుకొని కూర్చున్నారు. అంశమును కొంచెము ప్రక్కన బెట్టి, పది దినములుగా మన పేటలో నలుగుచున్న సంగతినే తీసుకొందుము.

మన సంఘపు పిల్లలు నలుగురు కళాశాల ఫుట్‌బాల్ జట్టులో ఆడుచున్నారు. ఆట బాగా వచ్చిన పిల్లలు. రెండేండ్లుగా చుట్టుప్రక్కల జట్లేవీ వీరి ముందు నిలువలేదు. ఈ సంవత్సరము కొత్త కోచ్ వచ్చినారు. వచ్చిన వారమే నియమములు పెట్టినారు. తెల్లవారి ఐదున్నరకు మైదానములో ఉండవలెను. ఆలస్యమైతే ఆ దినము బంతి ముట్టరాదు, మైదానము చుట్టూ పరుగెత్తవలసినదే. తరగతికి పోనివాడు ఆటకు రానక్కరలేదు. బంతులు, వలలు మోయుట అందరి పని. గోలులు కొట్టేవాడికి మినహాయింపు లేదు. ఆ గోలులు కొట్టేవాడు మనవాడే. వాడు రెండుసార్లు ఆలస్యముగా వెళ్ళినాడు. ఆ వారము జరిగిన ఆటలో వాడిని బయట కూర్చోబెట్టినారు. జట్టు ఓడిపోయినది. మరునాటి నుండి నలుగురూ మైదానమునకు పోవుట మానినారు.

వాడి తండ్రి మా యింటికి వచ్చి, "అయ్యగారండీ, మా గుంటడు లేకపోతే ఆ జట్టుందా? మీరొక మాట ఆ మాష్టారికి చెప్పాల" అన్నాడు. ఆ మరునాడు మరొక పెద్దాయన వచ్చి, "అయ్యగారూ, ఇంకా గట్టిగా చేయమని చెప్పండి. ఈ కాలపు పిల్లలకు బొత్తిగా భయం లేదు" అన్నారు. ఇద్దరికీ టీ ఇచ్చి పంపినాము గాని జవాబు ఇవ్వలేదు. ఇద్దరూ ఈ సాయంకాలము ఇక్కడనే ఉన్నారు.

జవాబు వెదకుటకు మొదట మన ప్రక్కనున్న విజయనగరమునకు పోదుము. మహారాజకుమార్ విజయనగరం పేరు మీరు విని యుందురు. క్రికెట్ లోకము ఆయనను విజ్జీ అనెడిది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు ఆయన కెప్టెన్. ఆ జట్టులో ఎవరున్నారో చూడండి. మన తెలుగు కుటుంబమునకు చెందిన సి.కె. నాయుడు, విజయ్ మర్చంట్, ముష్తాక్ అలీ, లాలా అమర్‌నాథ్. అమర్‌నాథ్ ఆ పర్యటనలో బ్యాటుతోను బంతితోను అందరికన్న ముందు నడుచుచుండెను. ఒక ఆటలో ఆయన ప్యాడ్లు కట్టుకొని తన వంతు కొరకు కూర్చుండగా, ఆయనను ఆపి ఒకరి తరువాత ఒకరిని ముందు పంపినారు. చివరకు కొద్దిసేపే ఆడే అవకాశము దొరికినది. గదికి తిరిగివచ్చి ప్యాడ్లు విసరి, నోటికి వచ్చిన మాట అన్నాడు. అది తప్పే. కాని దానికి పడిన శిక్ష ఏమి? మొదటి టెస్టు ఇంకను ఆడక మునుపే ఆయనను ఓడ ఎక్కించి ఇంటికి పంపివేసినారు. కారణము క్రమశిక్షణ అన్నారు.

ఆ మూడు టెస్టులలో మన జట్టు రెండు ఓడినది, ఒకటి డ్రా చేసినది. కెప్టెన్ ఆరు ఇన్నింగ్సులలో చేసిన పరుగులు మొత్తము 33. తరువాత బ్యూమాంట్ గారి అధ్యక్షతన విచారణ జరిగినది. 1937లో వచ్చిన నివేదిక కెప్టెన్ నాయకత్వమునే తప్పు పట్టి, అమర్‌నాథ్ మీది నిందను తొలగించినది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఆస్ట్రేలియా వెళ్ళిన జట్టుకు ఆ అమర్‌నాథే కెప్టెన్ అయినాడు. విజ్జీ గారు క్రికెట్‌కు చేసిన మేలు లేకపోలేదు. మన ప్రాంతపు మనిషిని తక్కువ చేయుటకు ఈ మాట చెప్పుట లేదు. కాని ఆ గదిలో ఆయన కాపాడుకొన్నది జట్టును కాదు, తన కుర్చీని. దానికే క్రమశిక్షణ అని పేరు పెట్టినారు.

ఈ సంగతి విన్న వెంటనే మనవాడి తండ్రి ముఖములో సంతోషము కనబడుచున్నది. కొంచెము ఆగవలెను.

ఇప్పుడు హైదరాబాదు పోదుము. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్‌గా సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఆయన వచ్చినారు. వృత్తిచేత ఉపాధ్యాయుడు; ఉస్మానియా పట్టభద్రుడు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. ఆయన చేతికి వచ్చిన పిల్లలు ఆట రానివారు కారు. హైదరాబాదు గల్లీలలో పుట్టిన ఆట అది. కాలికి అంటుకొన్నట్లు బంతిని త్రిప్పి ముగ్గురిని దాటిపోయి, చూచువారిచేత వహ్వా అనిపించుకొనే ఆట. రహీం గారు దానిని ఆపినారు.

ఎట్లు ఆపినారో వినండి. పిల్లలకు పోటీలు పెట్టినారు. ఒక పోటీలో బంతిని ఎవరూ ఒంటరిగా తీసుకొనిపోరాదు. వచ్చిన బంతిని వెంటనే తోటివానికి అందించవలెను. మరొక పోటీలో వాటము కాని కాలితోనే ఆడవలెను. కుడికాలితో గురి తప్పక కొట్టగలవాడు ఆ దినము ఎడమకాలితో తడబడవలసినదే. నలుగురిలో నవ్వులపాలు కావలసినదే. ప్రతిభ గలవానికి ఇంతకంటె అవమానము ఏమున్నది? తనకు బాగా వచ్చినదానినే చేయవద్దని చెప్పుట! ఆ దినములలో ఎందరు పిల్లలు మనస్సులో గొణుగుకొన్నారో.

కాని ఆలోచించండి. కుడికాలి వాటమున్నవాడిని ఆపుట తేలిక; ఎదుటివాడు ఆ ప్రక్కనే కాపు కాయును. రెండు కాళ్ళూ వచ్చినవాడిని ఎటు కాయగలడు? బంతిని దాచుకొనువాడి కన్ను బంతి మీదనే యుండును. వెంటనే ఇచ్చివేయవలెనను నియమమున్నప్పుడు తల ఎత్తి తోటివారు ఎక్కడున్నారో చూడక తప్పదు. ఆ నియమము వాని ప్రతిభను తగ్గించలేదు, దానికి రెండవ కాలు ఇచ్చినది. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడ తెచ్చినది.

భారత జట్టుకును ఆయనే కోచ్ అయినారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను ఓడించి బంగారు పతకము. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో పది గోలులు తిని ఒక్కటి కొట్టినాము. మనవారు చాలామంది వట్టి కాళ్ళతో ఆడినారు. ఆ ఓటమి తరువాతనే మన దేశములో బూట్లు తప్పనిసరి అయినవి. నాలుగేండ్లకు, 1956లో, మెల్‌బోర్న్‌లో అదే దేశము ఆస్ట్రేలియాను దాని గడ్డ మీదనే 4–2తో ఓడించి నాలుగవ స్థానమునకు వచ్చినది. పదిగోలుల ఓటమికి ఆటగాళ్ళను మాత్రమే తిట్టి ఊరుకొన్నవాడు ఆ దూరము నడువలేడు. తన పద్ధతిని కూడ మార్చుకొన్నవాడే నడువగలడు.

ఇంకొక సంగతి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే బీద పిల్లవాడుండెను. ఆటలో రత్నము. హైదరాబాదు వచ్చి సాధన చేయవలెనంటే దారి ఖర్చులకు డబ్బు లేదు. సైకిలు అద్దెకు డబ్బు రహీం గారే ఇచ్చినారని బలరాం పెద్దవాడైన తరువాత చెప్పుకొనేవాడు. వేళకు రమ్మని నియమము పెట్టుట ఎవరైనా చేయుదురు. వేళకు వచ్చుటకు వానికి సైకిలు కలదా అని అడుగువాడు అరుదు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం గారికి ఊపిరితిత్తులలో క్యాన్సరు. మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడినది. తరువాత థాయిలాండ్‌తో ఆటలో రక్షణ వరుసకు గోడవంటి జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడినవి. రహీం గారు ఆయనను ఇంటికి పంపలేదు, గోడగానూ నిలబెట్టలేదు. ముందు వరుసకు తెచ్చినారు. వియత్నాంతో సెమీఫైనలులో జర్నైల్ ఒక గోలు కొట్టినాడు. ఫైనలులో మళ్ళీ కొరియాయే ఎదురైనది. హైదరాబాదు బిడ్డ పీటర్ తంగరాజ్ జ్వరము నుండి లేచి గోలు కాచినాడు. లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండగా మొదట పి.కె. బెనర్జీ, తరువాత జర్నైల్ గోలులు కొట్టినారు. 2–1తో గెలిచినాము. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారము రాలేదు. రహీం గారు 1963 జూన్ 11న మరణించినారు. లేచి నిలుచుటకు ఓపిక లేని మనిషి మాటకు చునీ గోస్వామి, బలరాం, బెనర్జీ వంటి వారు ఎందుకు లోబడినారు? ఆయన చేతిలో ఏ శిక్ష ఉన్నదని?

ఇక మా సంగతి. ఇది చెప్పక దిగిపోవలెనని ఉన్నది, గాని అప్పుడు ఈ ప్రసంగమంతయు పరులను గూర్చిన ముచ్చట యగును. పాస్టరుగా కొత్తగా మేము వెళ్ళిన ఒక గ్రామ సంఘములో మంచి పాటల బృందముండెను. అందులో ఒక యువకుని గొంతు మేము మరెక్కడను వినలేదు. వేదాంత కళాశాల నుండి అప్పుడే వచ్చిన వేడి మాది. సాధనకు ఆరు గంటలకు రావలెనని నియమము పెట్టినాము. అతడు మూడుసార్లు ఆలస్యముగా వచ్చినాడు. మూడవసారి అందరి ఎదుట నిలబెట్టి, ఇక రానక్కరలేదు అన్నాము. అతడు ఏమియు అనలేదు. పాటల పుస్తకము బల్ల మీద పెట్టి వెళ్ళిపోయినాడు. అతడు రైసుమిల్లులో బస్తాలు మోయునని, దింపుడు ముగియనిదే మేస్త్రి కదలనివ్వడని మాకు తరువాత తెలిసినది. అడిగి యుంటే ఆ దినమే తెలిసేది. ఇంకొక మాట కూడ ఒప్పుకొనవలెను. ఆ ఆరు గంటల సాధనకు మేమే ఎన్నోసార్లు ఆరున్నరకు వెళ్ళినాము. పాస్టరు గారికి పనులుండును గదా!

క్రిందటి సంవత్సరము ఆ గ్రామము వెళ్ళినాము. అతడు ఆరాధనకు వచ్చినాడు. చివరి వరుసలో కూర్చున్నాడు. అందరును పాడుచున్నారు, అతడు పాడుట లేదు. బయట పలుకరించి క్షమాపణ అడిగినాము. "అయ్యో, అంత మాట ఎందుకు అయ్యగారూ, ఎప్పుడో మరిచిపోయాను" అన్నాడు. మరచిపోయినవాడు పాడి యుండును.

అందుచేత ఈ కొత్త కోచ్ గారిని గూర్చి మీతో మాట్లాడుటకు ముందు, మేము మైదానమునకు వెళ్ళి చూసినాము. వస్తామని చెప్పలేదు. ఐదుంబావుకు చేరినాము. ఆయన అప్పటికే అక్కడ ఉన్నారు. ఒక చేత సున్నము డబ్బా, లుంగీ పైకి కట్టుకొని, గీతలు తానే గీయుచున్నారు. వచ్చిన పిల్లలతో తానును పరుగెత్తినారు. రెండవ చుట్టుకే ఆయాసపడినారు గాని ఆపలేదు. వలలు మోసినవారిలో ఆయన ఒకరు. మాకు నచ్చనిది కూడ ఒకటి చూసినాము. తప్పు చేసిన ఒక పిల్లవానిని వాని ఇంటి బీదతనమును ఎత్తి పొడిచినారు. ఆట అయిన తరువాత ఆ మాట ఆయనతోనే చెప్పినాము. చాలసేపు నేల చూసి, "అనకూడదండీ, అనేశాను" అన్నారు. మనవాడు ఎందుకు ఆలస్యమగుచున్నాడో మీరు అడిగినారా అంటే, లేదన్నారు. తండ్రికి తోడుగా తెల్లవారుజామున పాలు పోసి రావలసి యున్నదని చెప్పినాము. ఆయనకు అది తెలియదు. మనవాడు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మాకు తెలియును. గోలులు కొట్టేవాడికి పాలక్యాన్ సంగతి చెప్పుకొనుటకు సిగ్గు.

కనుక అన్నయ్యా, మీరడిగిన మాట మేము మాష్టారికి చెప్పము. వానిని నియమము నుండి తప్పించమని అడుగము. పెద్దాయనా, మీరడిగినదియు చెప్పము. ఇంకా గట్టిగా చేయమని అనము. పాలు పోయుటకు నెల దినములు వేరొకరిని చూడవలెను. యువజన సమాజములో సైకిలున్నవారు ముగ్గురున్నారు, వారి పేర్లు మేము వ్రాసుకొన్నాము. తమ్ముళ్ళారా, మీరు నలుగురు రేపు ఆడుటకు పోవుదురా లేదా అన్నది మీ ఇష్టము. బయట కూర్చోబెట్టవచ్చును. వలలు మోయించవచ్చును. వాటము కాని కాలితో ఆడుమనవచ్చును.

రేపు తెల్లవారి నాలుగున్నరకు గుడి గేటు దగ్గర మేము ఉందుము. మైదానమునకు నడిచే పోవుదము. ఆలస్యమైతే మమ్మును కూడ పరుగెత్తించుదునని కోచ్ గారు చెప్పినారు.