ఎవరి పోలిక?
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



పండుగ పూట మత్తుమందుల మాట ఏమిటనుకోకండి. పిల్లల గురించి మాట్లాడమన్నారు. మా ఇంటి సంగతే చెబుతాను. మా అబ్బాయి చెప్పమన్నాకే వచ్చాను.

మేముండేది ఫిలింనగర్. ఇక్కడ కుర్రవాడు కనబడితే మొదటి ప్రశ్న "ఎవరబ్బాయివి?", రెండోది "ఎవరి పోలిక?". మావాడు దత్తపుత్రుడు. రంగులోగానీ ముఖంలోగానీ మా పోలిక లేదు. పన్నెండేళ్లు వచ్చినా నిజం చెప్పలేదు. ఒక పెళ్లిలో బంధువుల నోట విన్నాడు. పదహారో ఏట వాడి బ్యాగులో గంజాయి దొరికింది. ఎందుకురా అంటే, "వాళ్ల దగ్గర నన్నెవరూ ఎవరివని అడగరమ్మా" అన్నాడు. "ఎంత పెంచినా రక్తం ఎక్కడికి పోతుంది?" అన్నారు మా ఇంటి పెద్దాయన ఒకరు. గంజాయికన్నా ఆ మాటే వాణ్ణి ఎక్కువ కుంగదీసింది.

సొంత ఊళ్లోనే ఇలా ఉంటే, తెల్లవారి ఇళ్లలో పెరిగే మన పిల్లల మాటేమిటి? 2001 ప్రాంతంలో దేవరకొండ తండాల ఆడశిశువులను దత్తత పేరుతో అమ్మిన వైనం బయటపడింది మీకు గుర్తుండే ఉంటుంది. విదేశాల నుంచి దత్తతకు వచ్చినవారిలో మత్తు సమస్యల ముప్పు ఎక్కువని స్వీడన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2002లో లాన్సెట్ పత్రికలో చెప్పింది. అయితే వారిలో అత్యధికులకు అలాంటి సమస్యలేవీ లేవని కూడా అదే చెప్పింది. కాబట్టి దత్తత శాపం కాదు, రక్తం తలరాత కాదు.

మరి మనమేం చేయాలి? మాటలు నేర్చే వయసు నుంచే బిడ్డకు నిజం కథలా చెప్పండి. రంగు గురించి, పోలిక గురించి ఎవరైనా అంటే బిడ్డ ఎదుటే అడ్డుకోండి. తనలాంటి పిల్లలతో స్నేహం కలపండి. మూలాలు తెలుసుకోవాలంటే కోపం తెచ్చుకోకండి. 18 ఏళ్లు నిండినవారు తామే దరఖాస్తు చేసుకునే వీలు 2022 దత్తత నిబంధనల్లో ఉంది. తప్పటడుగు పడితే పరువు చూసుకోకుండా 14446కు ఫోన్ చేయండి. అది మత్తు విముక్తికి జాతీయ ఉచిత సహాయ నంబరు. చికిత్సకు తానే ముందుకొచ్చిన వ్యసనపరుడికి 1985 నాటి మత్తుమందుల చట్టం 64ఎ సెక్షన్ కొంత రక్షణ కూడా ఇస్తుంది.

మావాడు చికిత్స తీసుకుని చదువులో పడ్డాడు. మొన్న ఎవరో "ఎవరి పోలిక బాబూ?" అంటే, "కోపం అమ్మది, నవ్వు నాన్నది, ముఖం నాది" అన్నాడట. ఆ జవాబు వాడికి మేం పన్నెండేళ్ల ముందే నేర్పాల్సింది. మీరు ఆలస్యం చేయకండి. సెలవు.