అచ్చు ఒకటి, ఊళ్లు మూడు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగము వినవలసిన మీకు కంప్యూటరు కథ వినిపిస్తున్నందుకు మన్నించండి. 2026 మార్చిలో వచ్చిన ఈ యేటి పేరే పరాభవ. మూడు ఊళ్ల సైట్లు కడుతూ మేము పొందిన పరాభవములను ఒప్పుకొనుటకు ఇంతకన్న మంచిరోజు దొరకదని కార్యదర్శిగారి అభిప్రాయము.

మనలో కొందరము బ్రతుకుతెరువుకై ఆంధ్రనుంచి వచ్చినవారము. కొందరు తరతరాలుగా ఇక్కడివారే. చిక్కబళ్లాపురములోగాని, బాగేపల్లిలోగాని, చింతామణిలోగాని సంతకు వెళితే తెలుగు వినపడుతుంది. కాని మన పిల్లలు బడిలో దిద్దేది కన్నడము, ఇంగ్లీషు. నోటికి వచ్చిన తెలుగు చేతికి రాదు. అందుచేత అవ్వలు చెప్పిన సామెతలు, పెళ్లిపాటలు, వంటలు వ్రాసిపెట్టి, ఊరికొక సైటు పెట్టాలని సంకల్పించాము. మైక్రోసాఫ్టువారి షేర్‌పాయింటులో చిక్కబళ్లాపురము సైటును నెలరోజులు కూర్చుని చేతితో కట్టాము. మిగిలిన రెంటికీ అంత ఓపిక లేక, మొదటిదానినుంచి ఒక అచ్చు, అనగా టెంప్లేటు తీసి, పవర్‌షెల్‌లో ఆజ్ఞలు వ్రాసి, రెండు ఊళ్లకూ అద్దాలనుకొన్నాము. ఒక సాయంత్రము పని అన్నారు. మూడు వారములు పట్టినది.

మొదటి ఆజ్ఞకే తెరమీద ఎర్ర అక్షరములు: అటువంటి ఆజ్ఞ లేదని. మేము పాత కాగితము చూచి ‘అప్లై-పీఎన్‌పీ‌ప్రొవిజనింగ్‌టెంప్లేట్’ అని వ్రాశాము. అది పాత మాడ్యూలులోని పేరు. ఇప్పటి పీఎన్‌పీ పవర్‌షెల్‌లో అదే పనికి ‘ఇన్‌వోక్-పీఎన్‌పీ‌సైట్‌టెంప్లేట్’ అనవలెను. పేరు దిద్దితే లోపలికి రానివ్వలేదు. పూర్వము అందరికీ ఉమ్మడిగా ఒక యాప్ ఉండేది. దానిని 2024 సెప్టెంబరు 9న తీసివేశారు. ఇప్పుడు ఏ సంస్థకు ఆ సంస్థ సొంత యాప్ నమోదు చేసుకొని, దాని గుర్తింపు సంఖ్యతోనే ప్రవేశించవలెను.

తరువాత వచ్చినది ‘అనుమతి లేదు’ అన్న మాట. దీనికి ఒకటికన్న ఎక్కువ కారణములు ఉంటవి. సైటుమీద మనకు తగిన అధికారము లేకపోవచ్చు; లేదా ఆ సైటులో కస్టమ్ స్క్రిప్టులు నిషేధించి ఉండవచ్చు. మాది రెండవది. ఆ తలుపు తెరిచి పని సగములో ఆపి, మరునాడు మొదలుపెడితే మళ్లీ అదే లోపము! ఆ తలుపు 24 గంటలలో దానంతట అదే మూసుకొంటుందని అప్పుడు తెలిసినది. తెరిచిన నాడే పని ముగించుకోవాలి.

మూడవ లోపమునకు ఎర్ర అక్షరములే లేవు. ‘పూర్తి అయినది’ అన్నది యంత్రము. బాగేపల్లి సైటు తెరిచి ‘పాటలు’ అన్నచోట నొక్కితే చిక్కబళ్లాపురము పాటలు వచ్చినవి! పెద్దవాడి పెళ్లి శుభలేఖ అచ్చుతోనే చిన్నవాడి శుభలేఖ వేయించి, వరుడి పేరు మార్చడము మరచినట్లు. అచ్చు తీసినప్పుడు పుట్టిన ఊరి చిరునామాకూడ అందులో అంటుకొనివస్తుంది. అది ఉన్నచోటనెల్ల ‘సైట్’ అన్న గుర్తును మీసాల బ్రాకెట్లలో పెడితే, ఏ ఊరికి అద్దితే ఆ ఊరి చిరునామా వచ్చి కూర్చుంటుంది. ఊరిపేరుకూడ అంతే, అచ్చులో చెక్కరాదు, పారామీటరుగా బయటినుంచి అందించవలెను. 2025 జూలైలో నంది కొండపై కూడిన కర్ణాటక మంత్రివర్గము బాగేపల్లికి భాగ్యనగర అని పేరు పెట్టుటకు ఆమోదించినది. పేర్లు మారే కాలములో ఈ జాగ్రత్త మరీ అవసరము.

ఇక నాలుగవది నా తప్పే. అచ్చు సైటు అమరికను తెస్తుంది గాని, అందులోని సామెతలనూ పాటలనూ మామూలుగా తేదు. వాటిని విడిగా చేర్చవలెను. ఒక బాగేపల్లి అవ్వ చెప్పిన సామెతల ఫైలులో ఊరిపేరు సవరించబోయాను. విండోసుతో వచ్చే పాత పవర్‌షెల్ 5.1 చాలుననుకొన్నాను. చదివేటప్పుడు యూటీఎఫ్-8 అని చెప్పాను. తిరిగి వ్రాసేటప్పుడు చెప్పడము మరచాను. తెలుగంతా ప్రశ్నార్థకములైనది. అదే ఫైలుమీద వ్రాశాను, వేరే ప్రతి లేదు. తెలుగుకు బదులు వింత ఐరోపా అక్షరములు కనబడితే, చాలసార్లు అది చదవడములోని పొరపాటే. సరిగా చదివిస్తే తెలుగు తిరిగివస్తుంది. ప్రశ్నార్థకములుగా వ్రాసి దాచినది మాత్రము తిరిగిరాదు. పవర్‌షెల్ 7లో వ్రాత మామూలుగానే యూటీఎఫ్-8లో జరుగుతుంది. ఆ పని అక్కడ చేయవలసినది.

అవ్వను మళ్లీ అడుగుదామంటే ఆమె సంక్రాంతికి ముందే కాలముచేశారు. తలవంచుకొని వారింటికి వెళ్లాను. ఎనిమిదవ తరగతి చదివే మనుమరాలు ఒక నోటుపుస్తకము తెచ్చి చూపినది. అవ్వ చెబుతూ ఉంటే ఆ పిల్ల తనకు వచ్చిన కన్నడ లిపిలో తెలుగు సామెతలన్నీ వ్రాసుకొన్నది! ఆమె చదువుతూ ఉంటే నేను తెలుగులో దింపుకొన్నాను. పోయినది ఒక్కటీ లేదు.

దీనిమీద మేము నాలుగు నియమములు పెట్టుకొన్నాము. ఒకటి, అచ్చును ముందు ఖాళీ సైటుమీద ప్రయత్నించవలెను. సగములో ఆగితే జరిగిన పనిని యంత్రము వెనక్కు తీయదు. రెండు, చివరి ఎర్ర వరుస చూచి కంగారుపడక, ట్రేస్ లాగ్ తెరిచి మొట్టమొదటి లోపము ఎక్కడో వెదకవలెను. మూడు, అంతా ఒకేసారి అద్దక, ‘హ్యాండ్లర్స్’ అన్న మాటతో జాబితాలు ఒకసారి, పేజీలు ఒకసారి వేసి చూడవలెను. నాలుగు, మూలప్రతిని ముట్టరాదు. నకలు తీసి నకలునే సవరించవలెను.

బాగేపల్లి, చింతామణి సైట్లు ఇప్పుడు సరిగా నడుస్తున్నవి. సామెతల పేజీలో తెలుగు లిపి ప్రక్కనే కన్నడ లిపిలోకూడ వేస్తున్నాము. ఆ పని ఆ అమ్మాయికే అప్పగించాము. దానితోపాటు ఆమె తెలుగు అక్షరములు నేర్చుకొంటున్నది. మీ ఇళ్లలో అటువంటి నోటుపుస్తకములు, ఏ లిపిలో ఉన్నా సరే, తెచ్చి చూపండి. నకలు తీసుకొని పుస్తకము మీకే ఇచ్చివేస్తాము.