నల్లబడని బిళ్లలు

కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినపుడు గజ్జలలో బిళ్ల కట్టుట మన ఇండ్లలో ఎల్లరు నెరిగినదే. ఆ బిళ్లయే లింఫు గ్రంథి. దేహమునందలి లింఫు రసము ఇట్టి గ్రంథులలో వడగట్టబడి మరల రక్తములో కలియును. క్రిములను అడ్డగించు ఈ కావలి స్థానములే ఒక్కొక్కప్పుడు క్యాన్సరు కణములకు తొలి మజిలీలగును. రోగము పుట్టినచోటనే యున్నదా, గ్రంథులకు ప్రాకినదా అని తేలినగాని చికిత్స నిర్ణయింప వలను పడదు.

1952లో లండనులో కిన్మంతు అను శస్త్రవైద్యుడు పాదమునకు నీలిరంగు మందు ఎక్కించి, సన్నని లింఫు నాళమును గుర్తించి, ఎక్స్‌రేకు కనబడు ద్రవమును దానిలోనికి పంపు పద్ధతిని తెలిపెను. ఎంత ఓపిక కావలెనో ఊహింపుడు! తరువాత వచ్చిన సి.టి., ఎం.ఆర్.ఐ. పరీక్షలు ఆ శ్రమను తగ్గించినవి. కాని అవి ముఖ్యముగా పరిమాణమునే చూచును. సుమారు 8 లేక 10 మిల్లీమీటర్లు మించిన గ్రంథి అనుమానాస్పదము. మా దృష్టిలో ఇది బలహీనమైన సాక్ష్యము. ముల్లు వలన ఉబ్బిన బిళ్లలో క్యాన్సరు లేదు. సెనగగింజంత గ్రంథిలో ఉండవచ్చును.

ఈ చిక్కును విప్పుటకు అక్కరకు వచ్చినది ఇనుము. అతి సూక్ష్మమైన ఐరన్ ఆక్సైడు రేణువులను రక్తనాళములోనికి మెల్లగా ఎక్కింతురు. ఆరోగ్యవంతమైన గ్రంథిలోని భక్షక కణములు వాటిని మ్రింగును. ఒక దినము గడచిన పిదప తీసిన ఎం.ఆర్.ఐ. చిత్రములో ఆ గ్రంథి నల్లబడును. క్యాన్సరు ఆక్రమించిన భాగములో భక్షక కణములకు చోటుండదు గనుక అది తెల్లగానే నిలుచును.

బోస్టను, నైమేహన్ నగరముల వైద్యులు ప్రోస్టేటు క్యాన్సరు గల 80 మందిని ఇట్లు పరీక్షించి 2003లో ఫలితములు ప్రకటించిరి. 33 మందికి గ్రంథులలో రోగమున్నది. రోగగ్రస్తములైన 63 గ్రంథులలో 45 పరిమాణమునుబట్టి చూచిన నిర్దోషులే! క్రొత్త పరీక్ష ఆ 33 మందిలో ఒక్కరినైనను జారవిడువలేదు.

గ్రంథులను ఊరక కోసి తీసివేసిన నష్టమేమని అడుగవచ్చును. రసము పోవు దారి మూసికొని, కొందరికి కాలు బోదకాలువలె వాచును. అనవసరపు కోతను తప్పింపగలుగుట చిన్న మేలు కాదు.

అయినను రెండు మిల్లీమీటర్లకు తక్కువైన రోగపు మచ్చ ఈ పరీక్షకును చిక్కకపోవచ్చును. మందు ఎక్కించునపుడు కొందరికి నడుము నొప్పి వచ్చును. 2005లో అమెరికా ప్రభుత్వ సలహా సంఘము దీని ఆమోదమునకు అనుకూలింపలేదు. 2007లో ఐరోపాలోని దరఖాస్తును తయారీదారులే ఉపసంహరించుకొనిరి. కొన్ని సంవత్సరముల తరువాత నైమేహన్ వైద్యులు దానిని మరల చేపట్టిరి.