పిల్లలకు ఏ నాటకం చదివిద్దాం? ఏ ధారావాహిక చూపిద్దాం?

(ఆలయ ప్రాంగణంలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, సంగారెడ్డి ప్రాంతాల్లో నివసించే మనందరి జీవితాలను నడిపించేది కర్మాగారపు సైరను. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రలో ఉంటాడు. తల్లి మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుకు వెళ్లిపోతుంది. సాయంత్రం బడి నుండి ఇంటికి చేరిన పిల్లవాడిని పలకరించేది టీవీ, లేదా సెల్‌ఫోను. ఈ ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు బోధించిన నన్ను తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "సార్, మా పిల్లలను టీవీకి దూరం చేయడం ఎట్లా?" నేను చెప్పే సమాధానం ఒకటే. దూరం చేయడం గురించి తరువాత ఆలోచిద్దాం. ముందుగా పిల్లలు ఏమి చూస్తున్నారో, ఎవరి పక్కన కూర్చొని చూస్తున్నారో విచారిద్దాం.

నాటకం పిల్లలకు కొత్త కాదు

నాటకంలో కలహం ఉంటుంది, కపటం ఉంటుంది, కన్నీరు ఉంటుంది. అవి పిల్లల కంట పడకూడదని కొందరి అభిప్రాయం. అయితే ప్రహ్లాదుని కథను మనం పిల్లలకు ఎన్ని తరాలుగా చెబుతున్నాం! అందులో కన్నతండ్రే కుమారుణ్ణి చంపించబోతాడు. అంతకన్నా ఘోరమేమున్నది? అయినా ఏ తల్లీ ఆ కథను దాచలేదు. తెలుగులో తొలి టాకీ చిత్రంగా 1932లో వచ్చినది కూడా 'భక్త ప్రహ్లాద'యే. అందులో లీలావతిగా నటించిన కమలాబాయి సురభి నాటక సమాజపు బిడ్డ.

సురభి పేరు వచ్చింది కనుక ఒక మాట. పటాన్‌చెరు నుండి హైదరాబాదు వెళ్లే దారిలో బీహెచ్‌ఈఎల్ దాటితే లింగంపల్లి. అక్కడి సురభి కాలనీ గురించి మనలో ఎందరికి తెలుసు? 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 'కీచక వధ' ప్రదర్శనతో మొదలైన ఆ నాటక కుటుంబాల వారసులు నేడు మనకు పొరుగువారు. వారి సమాజాన్ని నడిపించిన నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆ ఇళ్లలో పిల్లలు ఊహ తెలిసీ తెలియని వయసులోనే బాలకృష్ణుడుగా, లోహితుడుగా, లవకుశులుగా రంగస్థలం ఎక్కుతారు. ప్రేక్షకునికి మాయగా కనిపించే 'మాయాబజార్' వారికి అమ్మానాన్నల పని. తెర వెనుక తీగ లాగుతున్నది ఎవరో తెలిసిన పిల్లవాడు తెర ముందు కనిపించే భయంకర దృశ్యానికి బెదరడు. పెద్దల నడుమ, పెద్దలతో కలిసి చూసిన నాటకం పిల్లలకు హాని చేయదని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి దృష్టాంతం దొరకలేదు.

చేసిన పనికి ఫలం కనిపించాలి

మరి మంచి నాటకాన్ని ఎట్లా గుర్తించాలి? నేను చూసేది ఒక్కటే లక్షణం. చేసిన పనికి తగిన ఫలం పిల్లవాడికి కనిపించాలి.

రంగస్థల నాటకం రెండు మూడు గంటల్లో ముగుస్తుంది. మొదటి అంకంలో మోసం చేసినవాడు చివరి అంకంలో దానికి సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. విత్తనమూ పంటా ఒకే కూర్చుండులో కంటబడతాయి. ప్రతిరోజూ సాగే ధారావాహికకు ఆ వెసులుబాటు లేదు. కథ ముగిస్తే ప్రకటనల ఆదాయం ఆగిపోతుంది కనుక, ఫలం రేపటికి, ఎల్లుండికి, వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది. అత్త చాటుగా విన్న మాట, తోడికోడలు పాలలో కలిపిన మందు, మూడుసార్లు తిప్పి చూపిన చెంపదెబ్బ మాత్రం ఈ రోజే కనిపిస్తాయి. వందల రోజులు చూసిన పిల్లవాడికి కుట్ర చేసే విధానం కంఠస్థమవుతుంది, దాని పర్యవసానం మాత్రం తెలియదు. ధారావాహికలతో నా పేచీ ఇదే. అవి ఏడిపిస్తాయని కాదు, ఎప్పటికీ తీర్పు చెప్పవని.

చదివించదగిన నాటకాలు

ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు చిన్నయసూరి 'నీతిచంద్రిక' చాలు. 1853లో వెలువడిన ఆ గ్రంథపు భాష పిల్లలకు కఠినం. కనుక పెద్దలు చదివి, తమ మాటల్లో చెప్పాలి. చిత్రగ్రీవుని వెంట పావురాలన్నీ ఒక్కసారిగా వలతో సహా ఎగిరే ఘట్టంలో ఇంట్లోని పిల్లలే పావురాలు, దుప్పటే వల. దీనికి రంగాలంకరణ ఖర్చు లేదు.

ఎనిమిది నుండి పన్నెండేళ్ల వారికి చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గయోపాఖ్యానం' చదివించండి. గయుడు తెలియక చేసిన తప్పుకు కృష్ణుడు అతనిని చంపుతానని ప్రతిజ్ఞ చేస్తాడు. శత్రువెవరో తెలుసుకోకుండానే అర్జునుడు గయునికి అభయమిస్తాడు. ఇద్దరూ మంచివారే, ఇద్దరూ మాట తప్పనివారే, అయినా యుద్ధం తప్పలేదు. మంచివారి మధ్య కూడా తగాదా వస్తుందని తెలుసుకోవడం పిల్లలకు ఎంతో అవసరం. అమ్మానాన్నల మధ్య మాటామాటా పెరిగినప్పుడు ఆ జ్ఞానం వారిని నిలబెడుతుంది. పద్యం మీద ఇష్టమున్న పిల్లలకు తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' ఎట్లాగూ ఉన్నాయి.

పదమూడేళ్లు దాటినవారికి కాళ్లకూరి నారాయణరావు గారి 'వరవిక్రయం'. వరకట్నం మీద వచ్చిన నాటకమిది. తండ్రి కట్నానికై పొలం అమ్ముకోవడం చూడలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల మాత్రం, డబ్బు పోసి కొన్న వరుడు తనకే చెందాలని ఎదురు తిరిగి నిలబడుతుంది. కాళింది ఘట్టం వచ్చినప్పుడు పెద్దలు తప్పక పక్కన ఉండాలి. పిల్లలు ఆ పేజీ దగ్గరే ఆగిపోకూడదు, కమల దాకా రావాలి.

పదిహేనేళ్లు వచ్చినవారికి గురజాడ 'కన్యాశుల్కం'. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909లో సమూలంగా మారిన రూపంలో వెలువడిన ఈ నాటకాన్ని పాఠ్యపుస్తకంలోని ముక్కగా కాక పూర్తిగా చదివించండి. చదువు చెబుతానంటూ వెంకటేశాన్ని వెంట తిప్పుకొని చుట్ట తాగడం నేర్పిన గిరీశం ఇవాళ ఉంటే మన పిల్లల ఫోనులోనే ఉండేవాడు. తీయని మాటలతో పందేల యాప్ చేతికిచ్చేవాడు. గిరీశాన్ని చూసి పకపకా నవ్విన పిల్లవాడు అటువంటివాడు ఎదురైతే పోల్చుకోగలడు.

ఈ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. సంగారెడ్డి జిల్లా కేంద్ర గ్రంథాలయంలోను, మీకు దగ్గరి శాఖా గ్రంథాలయంలోను అడిగి చూడండి. రచయిత గతించి 60 ఏళ్లు దాటిన రచనలకు మన దేశంలో కాపీరైటు ఉండదు. గురజాడ, కాళ్లకూరి, చిలకమర్తి గార్ల నాటకాలు ఆ గడువు ఏనాడో దాటాయి. కనుక పాత్రకొక ప్రతి చొప్పున నిశ్చింతగా జిరాక్సు తీయించుకోవచ్చు.

చూపించదగిన కార్యక్రమాలు

మన దేశంలో పల్లెకు టీవీ వచ్చిన తీరును ఒకసారి గుర్తు చేసుకుందాం. 1975 ఆగస్టు నుండి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఉదయపు ప్రసారం పిల్లల కోసమే. ఊరికి ఒక్క టీవీ, దాని ముందు ఊరంతా. టీవీ మన పల్లెల్లో అడుగుపెట్టింది పదిమంది కలిసి చూసే వస్తువుగానే. ఒంటరిగా చూడడం తరువాత వచ్చిన అలవాటు.

ఆ పాత అలవాటును తిరిగి తెచ్చే కార్యక్రమాలు కొన్ని ఉన్నాయి. ఆర్.కె. నారాయణ్ కథల ఆధారంగా శంకర్ నాగ్ తీసిన 'మాల్గుడి డేస్'లో స్వామి అనే బాలుని బడి భయాలు, స్నేహాలు, అలకలు ఉంటాయి. ఒక్కో భాగం అరగంటకు మించదు. ఏడేళ్ల పిల్లవాడు మొదలుకొని తాతగారి వరకు అందరికీ తగినది.

రామానంద్ సాగర్ 'రామాయణ్' 1987 జనవరిలో మొదలైంది. బి.ఆర్. చోప్రా 'మహాభారత్' 1988 నుండి 1990 వరకు 94 భాగాలుగా వచ్చింది. దానికి సంభాషణలు రాసిన రాహీ మాసూమ్ రజా ముస్లిం రచయిత అని పిల్లలకు తప్పక చెప్పండి. మన వాడల్లో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుండి వచ్చిన కుటుంబాలెన్నో ఉన్నాయి. ఈ ధారావాహికలు హిందీలో ఉండడం మనకు కలిసివచ్చే సంగతి. పక్క గదిలోని పిల్లలను పిలవండి. వారు మన పిల్లలకు మాట అర్థం చెబుతారు, మన పిల్లలు వారికి కథ చెబుతారు. ద్రౌపదీ పరాభవం వంటి భాగాలు మాత్రం పదేళ్లు దాటినవారికే, అదీ పెద్దల సమక్షంలోనే.

తెలుగులో నవ్వుకోవడానికి 2001 నుండి 2007 వరకు వచ్చిన 'అమృతం' ఉన్నది. హోటలు నడుపుకునే ఇద్దరు మిత్రులు సులభంగా డబ్బు సంపాదించాలని పన్నిన ప్రతి ఉపాయమూ వారికే ఎదురు తిరుగుతుంది. చూడండి, ఇక్కడ ఫలం అరగంటలోనే చేతికి వస్తుంది! పదమూడేళ్లు దాటినవారికి శ్యామ్ బెనెగల్ 'భారత్ ఏక్ ఖోజ్'. 53 భాగాల్లో మన దేశ చరిత్ర నాటకమై కళ్ల ముందు నడుస్తుంది.

ఇంట్లో ఓటీటీ ఉన్నవారికి మరొక సూచన. 2021 నిబంధనల ప్రకారం ప్రతి కార్యక్రమానికి 7, 13, 16 ఏళ్ల వారీగా వయసు గుర్తు చూపాలి. 13, అంతకు పైబడిన గుర్తు ఉన్నవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే సదుపాయం ఇవ్వాలి. మీ ఫోనులో ఆ తాళం వేసి ఉన్నదా? ఈ రాత్రే చూసుకోండి.

దుఃఖం ఇంటి ముందుకు వచ్చినప్పుడు

ఇప్పుడు బరువైన సంగతి ఒకటి చెప్పాలి. 2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు. ఎందరో పొట్ట చేతబట్టుకొని దూర రాష్ట్రాల నుండి వచ్చినవారు. ఆ రోజుల్లో మన ఇళ్లలోని తెరల మీద ఆ మంటలే. పిల్లలూ చూశారు. ఆ తరువాత కొన్ని నెలలకు, నేను ఆదివారాలు నడిపే చదువరుల బృందంలో 'హరిశ్చంద్ర' నాటకం మొదలుపెట్టాం. కాటి ఘట్టం దగ్గరకు రాగానే ఏడో తరగతి బాలుడొకడు చదవడం ఆపాడు. వారి పక్క గదిలో అద్దెకుండిన యువకుడు ఆ ప్రమాదంలో పోయాడు. "సార్, లోహితుడు చివరికి బతుకుతాడు గదా. నిజంగా పోయినవాళ్లు బతకరు గదా" అన్నాడు.

"బతకరు నాయనా" అన్నాను. అబద్ధం చెప్పి హరిశ్చంద్రుని కథ చదివించలేం. "కాని ఆ వల్లకాటిలో చంద్రమతి ఒంటరిగా ఏడ్చింది. నీ చుట్టూ ఇంతమందిమి ఉన్నాం." వాడు కొంతసేపు మౌనంగా కూర్చున్నాడు. ఆ పాత్ర మరొకరు చదువుతామన్నా ఇవ్వలేదు. మిగిలిన పుటలు తానే చదివాడు.

వార్తల్లోని మంట పిల్లవాడిని భయపెట్టి అక్కడే వదిలేస్తుంది. నాటకంలోని చితి దుఃఖానికి మాటలిస్తుంది. అయితే ఈ మందు అందరికీ ఒకే మోతాదు కాదు. కొత్తగా ఆప్తులను పోగొట్టుకున్న పిల్లవాడికి మనంతట మనం ఈ ఘట్టం ఇవ్వరాదు. వాడు అడిగితే వాడి పక్కన కూర్చొని చదవాలి.

వారానికి ఒక్క అరగంట

"షిఫ్టు చేసి వచ్చి అలసిపోతాం, మాకు చదువు కూడా అంతంత మాత్రమే" అనే తల్లిదండ్రుల బాధ నాకు తెలుసు. వారానికి ఒక సెలవు దినం ఉంటుంది కదా. అందులో అరగంట చాలు. చదివేది పిల్లవాడు, వినేది మీరు. అక్షరం రాకపోయినా అడగగల ప్రశ్నలు మూడు: ఎవరు ఏమి కోరుకున్నారు? దానికోసం ఏమి చేశారు? ఆ ఫలం ఎవరు అనుభవించారు? పుస్తకానికైనా, టీవీకైనా ఇవే ప్రశ్నలు. మూడో ప్రశ్నకు వారాల తరబడి సమాధానం దొరకని కార్యక్రమాన్ని, తిట్టకుండా, కొట్టకుండా, ఇంటిల్లిపాదీ కలిసి మానేయండి. పిల్లలను లోపలి గదిలోకి పంపి మనం మాత్రం చూడడం న్యాయం కాదు.

మన పిల్లలు రేపు ఏ కర్మాగారంలో, ఏ కార్యాలయంలో పనిచేస్తారో మనకు తెలియదు. ఎక్కడ పనిచేసినా, ఎదుటివారి కష్టం తెలుసుకోవడం, తమ పనికి ఫలం తమదేనని ఎరగడం వారికి కావాలి. ఆ రెండూ నేర్పే నాటకాలు మన భాషలో సిద్ధంగా ఉన్నాయి. కావలసినది పిల్లవాడి పక్కన కూర్చునే ఒక్క పెద్ద మనిషి.