ఇంటికి తగిన వైఫై రౌటరు

(ధర్సీవాలో తెలుగు ఉద్యోగుల కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ వేదికపై సాధారణముగా కవిత్వమును గూర్చియో, నాటకమును గూర్చియో ప్రసంగములు జరుగుచుండును. ఈ పర్యాయము గృహమునకు పనికివచ్చు విషయమేదైనను చెప్పవలసినదిగా కార్యవర్గమువారు నన్ను ఆదేశించినారు. నేను కళాశాలలో చరిత్రయు సాహిత్యమును చదివినవాడనే గాని, విద్యుచ్ఛాస్త్రమున పండితుడను కాను. అయినను, బియ్యము కొనువాడు వ్యవసాయశాస్త్రము చదువనక్కరలేకున్నను బియ్యపు మంచిచెడ్డలు తెలిసికొనవలెను గదా! వైఫై రౌటరు విషయమునను అంతే. గృహస్థునకు అవసరమైనంతవరకు నేను తెలిసికొన్నది మీ యెదుట ఉంచుచున్నాను.

ఇది చిన్న విషయమని కొందరు తలపవచ్చును. మనము రాయపూరు–బిలాసుపురము రహదారిపై, సిల్తరా కర్మాగారములకు చేరువగా, తెలుగునేలకు దూరముగా కాపురముండువారము. మన పిల్లలు బడిలో హిందీయు, వీధిలో ఛత్తీస్‌గఢీయు వినుచున్నారు. ఊరిలోనున్న తాతగారును, అమ్మమ్మగారును సెల్‌ఫోను తెరమీద కనబడి మాటలాడునప్పుడే అనేక గృహములలో పిల్లలకు తీరికగా తెలుగు వినబడుచున్నది. ఆ బొమ్మ మాటిమాటికి నిలిచిపోయినచో పిల్లవాడు విసిగి లేచిపోవును. ముసలివారు తమలో తాము నొచ్చుకొని ఊరకుందురు. పోయినది సంకేతమే యైనను, తరిగిపోవునది బంధుత్వమును, భాషయును. ఇదిగాక, 2014 నవంబరులో ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ పద్ధతివలన పింఛనుదారులు ఇంటనుండియే జీవన ధ్రువపత్రము సమర్పించుకొనుచున్నారు. బ్యాంకు పనులు, పిల్లల పాఠములు, పరీక్షల దరఖాస్తులు అన్నియు ఆ చిన్న పెట్టెగుండనే నడచుచున్నవి.

తీగ లేకుండ వార్త పంపు విద్య మన దేశమునకు పరాయిది కాదు. జగదీశ్ చంద్ర బోసు మహాశయుడు 1895లోనే కలకత్తాలో అదృశ్య తరంగములను గోడలగుండ పంపి, దూరముననున్న గంటను మ్రోగించి చూపినాడు. నేటి వైఫైకి మూలమైన ప్రమాణము 1997లో వెలువడినది. మన దేశమున 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005 జనవరిలో ప్రభుత్వ ప్రకటన వెలువడెను. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో అట్టి స్వేచ్ఛను 2018 అక్టోబరులో విస్తరించిరి. ఈనాడు మనమింట రౌటరు పెట్టుకొనుటకు ఏ అనుమతిపత్రమును కోరకుండుటకు ఆ గెజెటు ప్రకటనలే కారణము.

ఇక అసలు విషయమునకు వత్తము. రౌటరు కొనుటకు ముందు, క్రొత్త రౌటరు అవసరమా యని విచారింపవలెను. ఫైబరు తీగద్వారా వెలుగు రూపమున వచ్చు సమాచారమును విద్యుత్సంకేతముగా మార్చు పెట్టెలోనే కంపెనీవారు తరచుగా వైఫైని కూడ అమర్చి ఇచ్చుచున్నారు. వేగము చాలనప్పుడు ఒక చిన్న పరీక్ష చేయుడు. ఆ పెట్టెకు కంప్యూటరును తీగతో కలిపి వేగము కొలువుడు. తీగతో కూడ వేగము రానిచో లోపము సాధారణముగా లైనులో నుండును. ఎంత ఖరీదైన రౌటరు కొన్నను అది తీరదు. ఫిర్యాదు చేయవలసినది లైనువారికే. తీగతో వేగము చక్కగా వచ్చి, లోపలి గదిలో మాత్రము రానిచో, అప్పుడు రౌటరును గూర్చియు, అది ఉన్న చోటును గూర్చియు ఆలోచింపవలెను. దస్త్రమును ఏ శాఖకు పంపవలెనో నిర్ణయించిన పిమ్మటనే గదా దానిపై వ్రాయుట!

రౌటరు పంపు తరంగములు ముఖ్యముగా రెండు పట్టీలలో నుండును. దూరపు వీధిలో డప్పు మ్రోగినను మన యింటిలో వినబడును. ప్రక్కయింటి వీణ తలుపు మూసినచో వినబడదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము ఆ డప్పు వంటిది. గోడలు దాటి దూరము పోగలదు. కాని వేగము తక్కువ. పైగా ఆ పట్టీలో ఒకదానితో నొకటి కలియని మార్గములు మూడే ఉండుటచేత, ఇరుగుపొరుగు రౌటరులన్నియు అక్కడనే గుమిగూడును. మైక్రోవేవ్ పొయ్యి కూడ ఆ పట్టీలోనే పనిచేయును. 5 గిగాహెర్ట్జ్ తరంగము వీణవంటిది. వేగము హెచ్చు, రద్దీ తక్కువ. కాని ఒకటి రెండు గోడలకే బలహీనపడును. కావున రెండు పట్టీలును గల రౌటరునే కొనవలెను. ఒకే పట్టీగల చవుక రకము నేడు కొనదగినది కాదు.

పెట్టెపై ముద్రించిన పెద్ద అంకెలు చూచి మోసపోరాదు. 1200 అని వ్రాసియున్నచో, ఒక పట్టీలోని 300, రెండవ పట్టీలోని 867 కలిపి, ఆ మొత్తమును గుండ్రముగా చేసి వేసిన అంకె అది. ఒక ఫోను సాధారణముగా ఒక సమయమున ఒక పట్టీతోనే కలియును గనుక ఆ మొత్తము వేగము దానికి దక్కదు. మరియొక మెలిక కలదు. కంపెనీవారు వేగమును మెగాబిట్లలో చెప్పుదురు; మనము దింపుకొను దస్త్రముల పరిమాణము మెగాబైట్లలో నుండును. ఎనిమిది బిట్లు ఒక బైటు. అందుచేత 100 మెగాబిట్ల లైనులో సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి రావు. మీ లైను 100 మెగాబిట్లకు మించినదైనచో రౌటరుకు గిగాబిట్ తీగరంధ్రములు ఉన్నవో లేవో తప్పక చూడుడు. అవి లేనిచో, మిగిలిన వేగమునకు చెల్లించిన సొమ్ము వృథా.

తరములను గూర్చి యొక మాట. 2009 నాటి ప్రమాణమును వైఫై 4 అనియు, 2013 నాటిదానిని వైఫై 5 అనియు, 2021లో ఖాయమైన దానిని వైఫై 6 అనియు పిలుచుచున్నారు. అటుపై వైఫై 7 వచ్చినది. ఇంటిలో పది పరికరములు ఏకకాలమున పనిచేయునప్పుడు వాటికి వంతులు చక్కగా పంచుట వైఫై 6 యొక్క విశేషము. మన బోటి కుటుంబములకు అది చాలును. వైఫై 7 ప్రయోజనము పొందవలెనన్న ఫోనులు, కంప్యూటర్లు కూడ ఆ తరమునకు చెందినవై యుండవలెను.

రౌటరు ఎంత మంచిదైనను దానికి తగిన స్థానము కావలెను. ఇంటి నడుమ, మనిషి తల యెత్తున, నలుదిక్కులు తెరపిగానున్న చోట పెట్టుట ఉత్తమము. ఇనుప బీరువా ప్రక్కన గాని, టెలివిజను వెనుక గాని పెట్టరాదు. ఇనుము తరంగమును తిప్పికొట్టును. నీరు దానిని మ్రింగును. ఈ ప్రాంతమున వేసవిలో కిటికీలకు అమర్చు రేకు కూలరులలో ఆ రెండును కలవు! కూలరుకు అవతలనున్న గదికి సంకేతము తగ్గినచో ఆశ్చర్యపడనక్కరలేదు. ఇచ్చటి ఎండలకు రౌటరును మూసిన అలమారలో బంధించుట కూడ తగదు. వేడెక్కిన యంత్రము మందగించును. మేడమీది గదికో, చివరి గదికో సంకేతము అందనిచో, మరింత ఖరీదైన రౌటరు కొనుటకంటె ఒక తీగ లాగి అక్కడ రెండవ పెట్టె అమర్చుట మేలు. ప్రభుత్వ గృహములలో గోడకు రంధ్రము చేయుట కుదరనిచో మెష్ అను జంటపెట్టెల పద్ధతి కలదు. కరెంటు పోవు వేళలకు చిన్న బ్యాటరీ పెట్టె కొనవచ్చును. అయితే దాని వోల్టేజి సరిపోవలెను. రౌటరుకే గాక ఫైబరు పెట్టెకు కూడ అది కరెంటు అందింపవలెను. ఒకదానికే ఇచ్చినచో ప్రయోజనము శూన్యము.

చివరి విషయము భద్రత. నా దృష్టిలో ఇది అన్నిటికంటె ముఖ్యము. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, కర్మాగారమున పెట్టిన సంకేతపదములనే మార్చకుండ ఉంచిన రౌటరులను, కెమెరాలను లక్షల సంఖ్యలో వశపరచుకొన్నది. ఆ సంవత్సరము అక్టోబరు 21న అట్టి పరికరముల దాడివలన అమెరికాలో అనేక ప్రసిద్ధ వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండ పోయినవి. ఆ పరికరముల యజమానులకు తమ యింటి పెట్టె ఇతరుల చేతిలో ఆయుధమైనదన్న సంగతియే తెలియలేదు. మన లైనునుండి ఇతరుడెవడో నేరము చేసినను, విచారణ మొదట వచ్చునది లైను ఎవరి పేర నున్నదో వారి గుమ్మమునకే. ప్రభుత్వోద్యోగులమగు మనము ఈ సంగతి మరింత గుర్తుంచుకొనవలెను.

కావున రౌటరు బిగించిన దినముననే దాని యజమాని సంకేతపదమును, వైఫై సంకేతపదమును రెండింటిని మార్చుడు. రక్షణ పద్ధతి డబ్ల్యుపిఎ2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యుపిఎ3 గాని యై యుండవలెను. బొత్తాము నొక్కి కలుపుకొను డబ్ల్యుపిఎస్ సౌకర్యమును ఆపివేయుడు. వచ్చిపోవు అతిథులకు వేరుగా అతిథి వైఫై ఏర్పరచుడు. ఇంటి తాళపుచెవి ఇచ్చినట్లు అసలు సంకేతపదమును అందరికిని ఈయవలదు. కొనునప్పుడు అంగడివానిని, ఈ కంపెనీ తన రౌటరులకు లోపముల సవరణలు ఎన్ని సంవత్సరములు పంపునని యడుగుడు. సవరణలు నిలిచిపోయిన రౌటరు పనిచేయుచున్నట్లే కనబడును. కాని దాని తలుపు గొళ్లెము ఊడినట్లే.

సోదరీసోదరులారా! ముందు లైను పరీక్షింపుడు, తరువాత ఇల్లు చూడుడు, ఆ తరువాతనే అంగడికి పోవుడు. ఇంటికి తగిన మధ్యరకపు రౌటరు, సరియైన చోటున, గట్టి తాళముతో నున్నచో, మూలను పడియున్న గొప్ప రౌటరుకంటె నూరు రెట్లు మేలు చేయును. ఎవరి యింటనైనను సందేహము కలిగినచో మనలో యువకులు వెళ్లి ఆ తీగ పరీక్ష చేసిపెట్టుదురుగాక. పెద్దవారు ఒంటరిగా నున్న ఇండ్లకు మొదట వెళ్లవలెనని నా మనవి.